పదహారేళ్ల బాబు గది దాటి రాకపోతే

అండీ, మీ బాబు రెండు నెలలుగా గది తలుపేసుకుని ఉంటున్నాడని, రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటున్నాడని, మీవారేమో 'వయసు అలాంటిది, అదే పోతుంది' అంటున్నారని రాశారు. మీ అనుమానమే సరైనది, ఆగకండి. వయసు చిరాకు వస్తూ పోతూ ఉంటుంది. రెండు వారాలు దాటి నిద్ర, తిండి, చదువు, స్నేహాలు అన్నీ ఒకేసారి దెబ్బతింటే చూపించాల్సిందే. మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మా అక్క కూతురి విషయంలో మేం చేసిన తప్పు, ఎదురుగా కూర్చోబెట్టి 'ఏమైందే నీకు?' అని నిలదీయడం. అది నోరే విప్పలేదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, దాని మొహం చూడకుండానే, 'ఈమధ్య నీకు నిద్ర పట్టట్లేదు కదా' అన్నాను. చేతిలో చున్నీ అలాగే పట్టుకుని ఏడ్చేసింది. మీరూ పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ మాట కలపండి. చూసింది చెప్పండి, తీర్పు చెప్పకండి.

'చనిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, పురుగుమందుల్లాంటివి అందకుండా తీసేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలాంటి ఆలోచన లేదంటే ముందు మామూలు డాక్టరు చాలు. రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా ఇలా నీరసపడతారు, ఆ పరీక్షలు చేయించాక కౌన్సెలర్ దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లొచ్చు. వాడు రానంటే మీరిద్దరే వెళ్లి మాట్లాడి రండి. మీవారిని తప్పకుండా తీసుకెళ్లండి.