పురుగును పురుగుగానే ఉండనివ్వు

నల్లగొండ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీవు పంపిన రచన చదివాను. మీ నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టిన వానాకాలంలో, పెరట్లోని నిమ్మచెట్టు మీద కనబడిన ఒక గొంగళి పురుగు నీకు ఎట్లా ఆసరా అయిందో రాశావు. విషయం మంచిది. అయితే రెండో పేజీకే నీ పురుగు ‘ఆశకు ప్రతీక’ అయిపోయింది, సీతాకోకచిలుకగా మారడం ‘పునర్జన్మ’ అయింది. ఈ మాటలు రాయడానికి నిమ్మచెట్టు దాకా వెళ్లనక్కర లేదు.

నీవు చూసింది నిమ్మ, బత్తాయి, కరివేపాకు చెట్లను ఆశ్రయించే సీతాకోకచిలుక పిల్లను. తల్లి లేత ఇగురు వెతికి, లేత పసుపు రంగు గుడ్లను ఒక్కొక్కటిగా అంటించి పోతుంది. పుట్టిన పురుగు నలుపు, గోధుమ రంగుల మీద తెల్లమచ్చలతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పెరిగాక కుబుసం విడిచి, ఆకుల్లో కలిసిపోయే పచ్చరంగు తెచ్చుకుంటుంది. తాకితే తల వెనక నుంచి నారింజ ఎరుపు రంగులో రెండు పాయల కొమ్మును బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది. నీ రచనలో ఈ కొమ్ముకు దక్కింది ఒక్క వాక్యం, అదీ ‘వింత’ అన్న విశేషణంతో. ఆ విశేషణం కొట్టేసి, నీవు వేలు పెట్టినప్పుడు ఏం జరిగిందో, ఎంతసేపటికి ఆ కొమ్ము లోపలికి పోయిందో, తర్వాత నాన్నగారికి అన్నం తినిపిస్తున్నప్పుడు వేలికి ఆ వాసన ఇంకా ఉందో లేదో రాయి. నా ఉద్దేశంలో నీకు ఊరటనిచ్చింది ఆ పురుగులోని ఏ అర్థమూ కాదు, దానికి నీ దుఃఖంతో పనిలేకపోవడం. అది తన ఆకు తాను తింటూ పోయింది. ఇంటికొచ్చిన చుట్టాలెవరూ నీకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు; గడప దాటగానే అందరూ ‘ఎట్లున్నడు’ అనే అడిగారు.

ఇక నీవు దాటేసిన చోటు ఒకటుంది, నాకు కోపం తెప్పించిందీ అదే. మీ నాన్నగారు గుర్రంపోడు దిక్కు బత్తాయి తోట పెట్టిన మనిషి. లేత మొక్కల ఆకులన్నీ కొరికేసి పుల్లలు మిగిల్చేది ఈ పురుగే కనుక, మన జిల్లా బత్తాయి రైతు దాన్ని చూసి ముచ్చటపడడు. చేత్తో ఏరి చంపుతాడు, ఎక్కువైతే మందు కొడతాడు. అటువంటి మనిషి మంచం మీది నుంచి, మాట తడబడుతుండగా, ‘పురుగు తీసేసినవా’ అని అడిగాడనీ, నీవు ‘తీసేసిన’ అని అబద్ధం చెప్పావనీ మూడు ముక్కల్లో ముగించి ముందుకు వెళ్లిపోయావు. నీ రచనంతా అక్కడే ఉంది తమ్ముడూ. ఆయన జీవితమంతా ఏరి పారేసినదాన్ని నీవు ఆయనకు తెలియకుండా కాపాడుకున్నావు. దీన్ని వివరించబోకు, వ్యాఖ్యానం చేయకు. ఆ సంభాషణను మాత్రం మన యాసలోనే, ఆయన ఏ మాట దగ్గర ఆగాడో అక్కడ ఆగుతూ, నిదానంగా రాయి.

ప్రతీకలున్న పేజీ తీసేస్తే రచన చిన్నదవుతుంది, కానివ్వు. తిరగరాసేటప్పుడు ప్యూపా సంగతి, అంటే పురుగు తిండి మాని కదలకుండా సీతాకోకచిలుకగా మారే దశ సంగతి, మరువకు. అది పట్టుదారంతో నడుము కట్టుకుని కొమ్మకు ఒరిగి ఉందని చెప్పి, వెంటనే సీతాకోకచిలుకను ఎగరేశావు. అది బయటికి రావడం నీవు నిజంగా చూశావా? సన్నటి పరాన్నజీవి కందిరీగలు ఆ ప్యూపాల లోపలే పెరిగి, చిల్లులు చేసుకుని బయటికి వచ్చేస్తుంటాయి. నీదానికి అట్లా జరిగి ఉంటే రెక్కలు తగిలించకు, ఆ చిల్లులే రాయి.

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ అన్న