డేరాలో ఉక్కపోత

ప్రశ్న: మైపాడు ఒడ్డున నైలాన్ డేరా వేశాం. రాత్రంతా ఉక్క, తెల్లారేసరికి లోపలంతా తడి. మేకులూ ఊడిపోయాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ తడి చాలావరకు మీ ఊపిరే! గాలాడక గుడ్డకు పట్టింది. మా నాయన బాతుల మందతో కోసిన మళ్ల వెంట తిరిగేవాడు. ఆయన గుడిసె సైకిలు మీదే వచ్చేది: నాలుగు వెదురు గడలు, నూలు దుప్పటి, దానికి జానెడు ఎత్తున టార్పాలిన్. మధ్యలో గాలి పారితే ఎండవేడి కిందికి దిగదు. తూర్పు, పడమర కొసలు తెరిచి ఉంచండి. సాయంత్రం సముద్రపు గాలి, రాత్రి నేలగాలి రెండూ అందుతాయి. ఇసుకలో మేకు నిలవదు. గోతాంలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరలోతున పూడ్చండి. వచ్చేటప్పుడు గోతాం తెచ్చేసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. అప్పుడు మా నాయన కూడా ఊళ్లోనే పడుకునేవాడు.