ఓక్ బీరువా చేస్తుంటే రాత్రిళ్లు దగ్గు.. వడ్రంగం మానేయాలా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. అమెరికాలో పాతికేళ్లు ఉద్యోగం చేసి డాలస్ దగ్గర రిటైరయ్యాను. మా అబ్బాయి ఇంటి కోసం గ్యారేజీలో ఓక్ చెక్కతో ఏడడుగుల పుస్తకాల బీరువా చేస్తున్నాను. నాలుగు నెలలుగా సాండింగ్ (మెషీన్‌తో చెక్కను రుద్ది నునుపు చేయడం) చేసిన రోజు రాత్రి పొడి దగ్గు, ముక్కు దిబ్బడ, ఒక్కోసారి పిల్లికూతలు. పని చేసేటప్పుడు కర్చీఫ్ కట్టుకుంటాను. బీపీకి లిసినోప్రిల్, స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. మధ్యలో విజయవాడ వచ్చి మూడు వారాలుంటే దగ్గు రాలేదు. మా ఆవిడ ఈ పని మానేయమంటోంది. మానేయాలా? - ఒక పాఠకుడు

జవాబు: మానేయక్కర్లేదండీ. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం ఇక ఒక్కరోజు కూడా చేయొద్దు.

మీ ఉత్తరం చదవగానే నాకు మొదట లిసినోప్రిల్ మీద అనుమానం వచ్చింది, ఆ రకం బీపీ మాత్రలతో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. అయితే విజయవాడలో ఉన్న మూడు వారాలూ ఆ మాత్ర వేసుకునే ఉంటారు కదా, అయినా దగ్గు రాలేదు. పైగా పిల్లికూతలు, అదీ సాండింగ్ చేసిన రోజే. చెక్క దుమ్ము వల్ల వచ్చే ఆస్తమా ఇలాగే ఉంటుంది, పని చేస్తున్నంతసేపూ బాగానే ఉండి నాలుగైదు గంటల తర్వాత, పడుకునే వేళకి మొదలవుతుంది. అందుకే చాలామంది ఏసీ వల్లో, వాతావరణం వల్లో అనుకుని ఊరుకుంటారు.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. సాండింగ్ అయిపోయిన అరగంటకి గ్యారేజీలో లైట్లన్నీ ఆర్పి టార్చి వేసి చూడండి. ఆ వెలుతురులో పొగలా తేలుతూ కనిపిస్తుందే, ఊపిరితిత్తుల దాకా వెళ్లేది అదే. కింద పడిన రంపపు పొట్టుతో అంత ప్రమాదం లేదు, అది బరువుగా ఉండి నేల మీద పడిపోతుంది. మీ కర్చీఫ్ ఆ సన్న దుమ్మును ఆపలేదు. ఎన్-95 మాస్క్ పెట్టుకుని, పైనున్న రేకును ముక్కుకు ఆనేలా నొక్కుకోవాలి, గడ్డం ఉంటే తీసేయాలి, లేకపోతే పక్కలనుంచి గాలి వచ్చేస్తుంది. ఆ పొగ పూర్తిగా తగ్గేదాకా మాస్క్ తీయొద్దు. సాండర్‌కు, అంటే సాండింగ్ మెషీన్‌కు, వాక్యూమ్ గొట్టం తగిలించండి, గ్యారేజీ తలుపు ఎత్తి పెట్టండి, బ్లోయర్‌తోనో చీపురుతోనో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. ఇంట్లోకి వెళ్లేముందు చొక్కా మార్చుకోండి, దుమ్మంతా దాని మీదే ఉంటుంది.

ఇంకో మాట, డాక్టరుగా కాకపోయినా చెప్పాలనిపిస్తోంది. సాండర్ బదులు చిత్రిక పట్టి చూడండి. చిత్రికతో చెక్క చుట్టలు చుట్టలుగా లేచి కింద పడుతుంది, గాల్లో తేలే దుమ్ము చాలా తక్కువ. చివర్లో ఒక్కసారి ఉప్పు కాగితం వేస్తే చాలు. టైమ్ పడుతుంది, నిజమే, కానీ రిటైరయ్యాక తొందరేముంది చెప్పండి.

ఓక్ గురించి దాచకుండా ఒక విషయం చెప్పాలి. 1960లలో ఇంగ్లండ్‌లోని హై వికమ్‌లో కుర్చీలు, బల్లలు చేసే కార్మికుల్లో ముక్కు లోపల వచ్చే అరుదైన క్యాన్సర్ ఎక్కువగా ఉందని అక్కడి డాక్టర్లు గుర్తించారు. తర్వాత 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చింది, ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్కల విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. ఆ హై వికమ్ కార్మికులు ఏళ్ల తరబడి రోజంతా ఆ దుమ్ములో పని చేసినవాళ్లు, నాలుగు నెలల హాబీకి అంత టెన్షన్ పడొద్దు. అయితే ముక్కు ఒక్క వైపే మూసుకుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, ఆ వైపు నుంచి రక్తం వచ్చినా మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాలి. మీకు రెండు వైపులా దిబ్బడా, ఒకవైపేనా అన్నది మీరు రాయలేదు.

రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ సంగతి. చెయ్యి తెగితే రక్తం త్వరగా ఆగదు, అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు, అది ఇంకా పెద్ద ప్రమాదం. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుని, మధ్యలో తీసి చూడకుండా పదిహేను నిమిషాలు ఉండండి, అప్పటికీ ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. ముక్కు దిబ్బడకు సెట్రిజిన్ వేసుకున్న రోజు రంపం ముట్టొద్దు, మత్తుగా ఉంటుంది.

చెవులకు కూడా రక్షణ పెట్టుకోండి. 100 డెసిబెల్స్ మోతలో పదిహేను నిమిషాలకే చెవులు దెబ్బతినే హద్దు దాటుతాం, టేబుల్ రంపం ఇంచుమించు అంత మోత చేస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, మందుల షాపులో పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత వేగంగా బయటికి వదలగలరో కొలిచే చిన్న గొట్టం) కొనుక్కోండి, ఖరీదు తక్కువే. పొద్దున, రాత్రి మూడేసి సార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. రెండు వారాలు పైన చెప్పిన జాగ్రత్తలతో పని చేస్తూ, తర్వాత పది రోజులు గ్యారేజీ వైపు వెళ్లకుండా. పని రోజులకీ సెలవు రోజులకీ 20 శాతం, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే ఆ కాగితం పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకి వెళ్లండి, స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేసి ఇన్‌హేలర్ అవసరమో కాదో ఆయన చెప్తారు. ఈలోపు ఆయాసం పెరిగినా, మాట్లాడటానికి ఊపిరి చాలకపోయినా రెండు వారాలు ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.