50 హెర్ట్జ్ దగ్గర సున్నా, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 3 మిల్లీవోల్టులు: తప్పు ఆప్‌ఆంప్‌దేనా?

741 ఆప్‌ఆంప్ ఐసీకి నాలుగు 10 కిలోఓమ్ రెసిస్టర్లు పెట్టి, రెండు ఇన్‌పుట్ల తేడాని మాత్రమే బయటికిచ్చే డిఫరెన్స్ యాంప్లిఫయర్ కట్టారు. రెండు ఇన్‌పుట్లూ కలిపి 2 వోల్టుల సైన్‌వేవ్ ఇచ్చి, 50 హెర్ట్జ్ దగ్గర ట్రిమ్‌పాట్‌తో అవుట్‌పుట్‌ని సున్నాకి తెచ్చారు. 10 కిలోహెర్ట్జ్‌లో మళ్ళీ 3 మిల్లీవోల్టులు. డేటాషీట్‌లో సీఎంఆర్‌ఆర్ (రెండు ఇన్‌పుట్లకీ ఉమ్మడిగా వచ్చే కామన్‌మోడ్ సిగ్నల్‌ని ఎంత అణచివేస్తుందో చెప్పే కొలత) 90 డీబీ ఉంది కదా అని మీ ప్రశ్న.

ఆ 90 డీసీ దగ్గరి మాట. టేబుల్ వదిలేసి, వెనక పేజీల్లో సీఎంఆర్‌ఆర్ గ్రాఫ్ చూడండి. మామూలుగా అది కొంతదూరం చదునుగా నడిచి, ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ పదింతలైనప్పుడల్లా 20 డీబీ చొప్పున దిగుతుంది. ఐసీ లోపల ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతకు కరెంటు అందించే కరెంట్ సోర్స్ ఇంపెడెన్స్ డీసీ దగ్గర చాలా ఎక్కువే, కానీ ఆ నోడ్‌కి అంటుకుని కొద్దిపాటి కెపాసిటెన్స్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కామన్‌మోడ్ కరెంటు దాని గుండా కారిపోతుంది. రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చుగుద్దినట్టు ఉంటే అదీ ఇటూ అటూ కొట్టేసుకునేది. ఉండవు కాబట్టి తేడా మిగులుతుంది. ఫీడ్‌బ్యాక్ దీన్ని దిద్దదు, ఎందుకంటే దాని కంటికి ఇది కూడా అసలు సిగ్నలే.

అయినా ఇలాంటి కేసుల్లో నేను ముందు అనుమానించేది బోర్డునే. ఒక ఇన్‌పుట్ పిన్ దగ్గర రెండోదానికంటే 5 పికోఫారడ్లు ఎక్కువున్నాయనుకోండి (బ్రెడ్‌బోర్డ్, ట్రిమ్‌పాట్ కాళ్ళు కలిస్తే అదేమంత పెద్ద విషయం కాదు). పిన్‌కి కనిపించే రెసిస్టెన్స్ 5 కిలోఓములు (రెండు 10 కిలోఓములు సమాంతరంగా). 10 కిలోహెర్ట్జ్‌లో వోల్టుకి 1.57 మిల్లీవోల్టులు, అంటే 56 డీబీ. మీ 3 మిల్లీవోల్టుల లెక్క ఇక్కడే తేలిపోయింది!

స్కోప్‌లో ఇన్‌పుట్‌నీ పక్కన పెట్టి ఫేజ్ చూడండి. లీకేజీ (అవుట్‌పుట్‌లో మిగిలిపోయిన ఆ సిగ్నల్) ఇన్‌పుట్‌తో కలిసో, తలకిందులుగానో నడుస్తూ, ఫ్రీక్వెన్సీ మార్చినా అంతే ఉంటే రెసిస్టర్ల తేడా. 90 డిగ్రీలు జరిగి, ఫ్రీక్వెన్సీతోపాటు పెరుగుతుంటే కెపాసిటెన్స్. ట్రిమ్‌పాట్ మొదటిదాన్నే సరిచేస్తుంది. రెండోదానికి తక్కువున్న పిన్ నుంచి గ్రౌండ్‌కి చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్ పెట్టాలి.

బోర్డా, ఐసీనా తేలాలంటే నాలుగు రెసిస్టర్లనూ 1 కిలోఓమ్‌కి మార్చి, పాట్ మళ్ళీ సర్దండి. లీకేజీ పదో వంతుకి పడిపోతే బోర్డే. పెద్దగా కదలకపోతే అప్పుడు ఐసీ మార్చండి. ఏడీ8221 లాంటి ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ (రెండు ఇన్‌పుట్ల తేడా తీయడానికే చేసిన ఐసీ) గెయిన్ 1లో 10 కిలోహెర్ట్జ్ దాకా కనీసం 80 డీబీ ఇస్తుంది. కాకపోతే సోర్స్ వైపు ఒక తీగలో 1 కిలోఓమ్ ఎక్కువై, కేబుల్ 100 పికోఫారడ్లు ఉంటే, ఏ ఐసీ పెట్టినా అక్కడ 44 డీబీ దగ్గరే ఆగిపోతారు.