పాఠకుల ప్రశ్నలు: చక్కెర తోటల జాన్ గ్లాడ్‌స్టన్

ప్రశ్న: బ్రిటన్‌కు నాలుగుసార్లు ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ తండ్రి చెరకు రైతు అంటారు. నిజమేనా?

జవాబు: రైతు అనడం తప్పు. జాన్ గ్లాడ్‌స్టన్ డెమెరారాలో (ఇప్పటి గయానా తీరం) ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. 1764లో స్కాట్లండ్‌లోని లీత్‌లో పుట్టి, లివర్‌పూల్‌లో ధాన్యం వ్యాపారిగా ఎదిగాడు. 1803లో బెల్మాంట్ తోటను తాకట్టు పట్టి అప్పివ్వడంతో చక్కెరలోకి దిగాడు. 1812లో సక్సెస్ తోటలో సగం, 1816లో మిగతా సగం అతని చేతికొచ్చాయి. అక్కడి వ్యవహారమంతా ఏజెంటు చూసేవాడు, ఇతనికి ఉత్తరాలు, లెక్కలు అందేవి.

1818 నుంచి 1827 వరకు వరసగా లాంకాస్టర్, వుడ్‌స్టాక్, బెర్విక్ స్థానాల నుంచి పార్లమెంటులో ఉన్నాడు. బెర్విక్ ఎన్నిక పిటిషన్ మీద రద్దయింది. అతని రాజకీయానికీ తోటలకీ మధ్య గోడ లేదు. అప్పట్లో మన దేశపు చక్కెర మీద వెస్టిండీస్ చక్కెర కంటే హండ్రెడ్‌వెయిట్‌కి (దాదాపు 51 కిలోలు) 10 షిల్లింగులు ఎక్కువ సుంకం ఉండేది. ఆ తేడా తీసేస్తే బానిసలు పండించే చక్కెర నిలబడలేదని లివర్‌పూల్‌కే చెందిన జేమ్స్ క్రాపర్ వాదించాడు. ఇద్దరూ పత్రికలో ఉత్తరాలతో తలపడ్డారు. క్రాపర్ భారత్ చక్కెర వ్యాపారి, కాబట్టి అతనికీ స్వలాభం ఉంది. అయినా ఆ వాదంలో న్యాయం అతని వైపే ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: మన ఊళ్లో బెల్లం వండినట్టే కదా, దానికి అన్ని వందల మంది బానిసలెందుకు?

జవాబు: వంట కంటే ముందు నేలే పెద్ద పని. ఆ తీరం పోటు సమయంలో సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. ముందు సముద్రపు కట్ట, వెనక చిత్తడి నీటిని ఆపే కట్ట, మధ్యలో తూములు. ఆటుకు తూము తెరవాలి, పోటుకు మూయాలి. ఒక్క పోటు తప్పినా ఉప్పునీరు చేలో నిలుస్తుంది. చదరపు మైలు చెరకుకు 49 మైళ్ల మురుగు కాలువలు, పడవలు తిరగడానికి 16 మైళ్ల ఎత్తు కాలువలు పట్టాయని 1948 నాటి విచారణ సంఘం లెక్క. ఆ బంకమట్టి అంతా పారలతో బానిసలు తవ్విందే.

ఇక వంట. నరికిన చెరకు ఒకటి రెండు రోజుల్లో గానుగ ఎక్కకపోతే తీపి విరిగి గడ్డకట్టదు. రసం తీశాక గంటలు గడిస్తే పులుస్తుంది. అందుకే కోత కాలంలో రాత్రీ పగలూ పని. వరసగా ఉన్న రాగి పెనాల్లో పెద్దదాంట్లో రసం పోసి, సున్నం కలిపి తెట్టు తీసి, గరిటెలతో చిన్న పెనాల్లోకి తోడుతూ పోయేవారు. మంట నేరుగా తగిలేది చివరి చిన్న పెనానికి. సున్నం తక్కువైతే పలుకు కట్టదు, ఎక్కువైతే చక్కెర నల్లబడుతుంది. చల్లారిన పాకాన్ని అడుగున చిల్లులున్న పీపాల్లో నింపితే మడ్డి కారిపోయేది, దాంతో రమ్ము తీసేవారు. నిద్రలేని చేతులు రోలర్లలో పడడం, పాకం మీద చింది కాలిపోవడం మామూలు.

1823 ఆగస్టు 18న తిరుగుబాటు మొదలైంది సక్సెస్ తోటలోనే. నాయకుడు జాక్ గ్లాడ్‌స్టన్ ఆ పీపాలు తయారుచేసే పనివాడు. ఇంటిపేరు యజమానిది. తండ్రి క్వామినా వడ్రంగి, ప్రార్థనా మందిరంలో పెద్ద. పదివేల మందికి పైగా లేచారు. వాళ్లు ప్రాణాలు తీయడానికి చూడలేదు, యజమానులను, మేనేజర్లను బంధించి హక్కులు అడిగారు. ప్రభుత్వం వందల మందిని చంపింది. క్వామినాను కాల్చి, శవాన్ని సక్సెస్ తోట ముందే వేలాడదీసింది. జాక్‌ను సెయింట్ లూసియాకు పంపేసింది.

ప్రశ్న: అతని ఓడల్లో తెలుగువాళ్లు వెళ్లారా?

జవాబు: తొలి ఓడలు కలకత్తావి. బానిసత్వ రద్దు చట్టం వచ్చాక గ్లాడ్‌స్టన్ కుటుంబానికి 2,508 మంది బానిసల లెక్కన లక్ష పౌండ్లకు పైగా పరిహారం అందింది. బానిసలకు దమ్మిడీ రాలేదు. 1836 జనవరి 4న అతను కలకత్తాలోని గిల్లాండర్స్ అర్బత్‌నాట్ కంపెనీకి కూలీలు కావాలని రాశాడు. తాము పంపే కొండజాతుల కూలీలకు తిండి, తాగుడు, నిద్ర తప్ప మరో కోరిక లేదన్న అర్థంలో కంపెనీ జవాబిచ్చింది. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ ఓడలు డెమెరారా చేరాయి. వచ్చినవాళ్లలో చాలామంది ఛోటా నాగ్‌పూర్ ఆదివాసులు. కొందరిని అతని వ్రీడ్-ఎన్-హూప్ తోటకు తరలించారు. అక్కడి కొరడా దెబ్బల సంగతి 1839లో బానిసత్వ వ్యతిరేకి జాన్ స్కోబుల్ బయటపెట్టాడు. భారత్ నుంచి కూలీల ఎగుమతి కొన్నేళ్లు ఆగింది.

1845లో మళ్లీ మొదలైనప్పుడు మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. మీ పూర్వీకుల కోసం వెతుకుతుంటే గయానాతో ఆపకండి. 1860లో మద్రాసు నుంచి నటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఉంది) చేరిన ట్రూరో ఓడ, మారిషస్ జాబితాలు కూడా చూడండి. గుమస్తాలు పేర్లు చెవికి తోచినట్టు రాసుకున్నారు. అందువల్ల పేరు కంటే తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు కలిపి చూస్తేనే ఫలితం ఉంటుంది.