వైజాగ్‌లో పాముకి హీటర్ కన్నా ముందు కొనాల్సింది థర్మోస్టాట్

బాల్ పైథాన్ (పెంచుకునే చిన్న రకం కొండచిలువ) ఉండే గాజు డబ్బాకి చలికాలంలో వేడి ఎలా పెట్టాలి, మామూలు బల్బు చాలదా అని అడిగారు కదా. బల్బు సంగతి తర్వాత, ముందు నా నిర్వాకం వినండి.

ఎంవీపీ కాలనీలో మాది మేడ మీద గది. మూడేళ్ల క్రితం జనవరిలో రాత్రిళ్లు 18 డిగ్రీలకి పడిపోతుంటే మా పైథాన్ చుట్ట చుట్టుకుని పడుకోడమే తప్ప ఎలకని ముట్టట్లేదు, జాలేసి ఓ పెట్ షాపులో హీట్ మ్యాట్, అంటే డబ్బా కింద పరిచే కరెంటు చాప, కొన్నా. వేడి హద్దు దాటకుండా కరెంటు ఆపేసే థర్మోస్టాట్ అడిగితే "అక్కర్లేద్సార్, వేడెక్కితే అదే పక్కకి జరుగుద్ది" అన్నాడు, నమ్మేశా. మా అమ్మ అయితే "ఏట్రా ఇది, పాముకి కరెంటు పరుపేటి, నాకెప్పుడైనా దుప్పటి కప్పేవా" అని ఒకటే గోల.

పాము పక్కకి జరగదండీ! మూడోరోజు డబ్బా కడుగుదామని ఎత్తితే పొట్ట కింద పొలుసులు ఎర్రగా కమిలి, నాలుగైదు చోట్ల బొబ్బలు. గాజు మీద చెయ్యి పెడితే చుర్రుమంది, థర్మామీటర్ పెట్టి చూస్తే 46. ఒళ్లు వెచ్చబడ్డానికి వచ్చి కూర్చున్న పాముకి కింద కాలుతుందని లేవాలనే తోచదు. డాక్టర్ కోసం తిరిగితే కుక్కా పిల్లీ అయితే తీసుకురండి అన్నవాళ్లే అందరూ, నాలుగో చోట ఒకాయన చూసి ఆయింట్‌మెంట్ రాశారు. మూడుసార్లు కుబుసం విడిచాక గానీ మచ్చ పోలేదు. ఈలోగా నాగుల చవితి వస్తే పక్కింటి ఆంటీ గిన్నెతో పాలు పట్టుకొచ్చేశారు, పాములు పాలు తాగవండీ అంటే నాస్తికుణ్ణి చూసినట్టు చూశారు, అదో కథ.

ఇప్పుడైతే మ్యాట్ డబ్బా బయట, అడుగున మూడోవంతు మేరే అంటించా. థర్మోస్టాట్ సెన్సర్ మ్యాట్‌కీ గాజుకీ మధ్యలో, 32కి సెట్ చేసి, రెండో వైపు 26 దగ్గర వదిలేశా. సెన్సర్ లోపల పెడితే అది లాగి పడేస్తుంది, అప్పుడు థర్మోస్టాట్ చల్లగానే ఉందనుకుని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. లోపల టేప్ మాత్రం వద్దు, ఒంటికి అంటుకుంటే చర్మం ఊడొచ్చేస్తుంది. బల్బు రాత్రంతా వెలిగితే దానికి రాత్రేదో పగలేదో తెలీదు, పైగా జాలీ లేకపోతే వెళ్లి బల్బునే చుట్టుకుంటుంది. వేడి రాయి అని కరెంటుతో కాలే రాయొకటి అమ్ముతారు చూడండి, అది ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

అసలు మన ఊళ్లో వేడి కావాల్సింది డిసెంబర్, జనవరి రాత్రులే. మే నెల గురించి ఒక్కరూ అడగరేంటో! కరెంటు పోతే నా గది 36 దాటేస్తుంది, పాముకి చలికన్నా అదే ప్రమాదం. అప్పుడు మ్యాట్ ప్లగ్ పీకేసి డబ్బాని కింద హాల్లో గచ్చు మీద పెట్టేస్తా, అమ్మ తిట్టినా సరే.

అన్నట్టు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో మీ పైథాన్‌ని రిజిస్టర్ చేయించారా? లేకపోతే హీటర్ కన్నా ముందు ఆ పని చూడండి. పొలంలో దొరికిన జెర్రిపోతునైతే అసలు పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు.