ఇంగ్లండ్ దొరల మహళ్లను కూల్చింది పన్ను కాదు, కప్పు

“ఇంగ్లండ్ పల్లెల్లో దొరలు కట్టుకున్న పెద్ద పెద్ద మహళ్లు వందల కొద్దీ నేలమట్టమయ్యాయట కదా, వారసత్వ పన్ను వల్లేనా?” అని అడిగారు.

సగమే నిజం. పన్ను ఇంటిని అమ్మిస్తుంది, కూల్చేది మాత్రం వాన. ఎవరు ఎన్ని చెప్పినా నా లెక్క ఇదే: ఇంటిని పోషించే భూమి చేజారింది, దాంతో కప్పు బాగుచేయించే డబ్బు లేకుండా పోయింది, కప్పు పోయాక ఇల్లు పోయింది.

ఆ ఇళ్లకు సొంత సంపాదన ఉండేది కాదు. చుట్టూ ఉన్న వేల ఎకరాల కౌలు డబ్బుతోనే పనివాళ్ల జీతాలు, బొగ్గు, కప్పు మరమ్మతు అన్నీ నడిచేవి. 1870ల తర్వాత అమెరికా గోధుమలు ఓడల్లో చవగ్గా వచ్చి పడ్డాయి. 1894కల్లా క్వార్టర్ (అప్పటి ధాన్యపు కొలత) గోధుమల ధర 23 షిల్లింగులకు దిగింది, ఇరవై ఏళ్ల కిందటి ధరలో సగం కూడా కాదు. రైతు కౌలు కట్టలేకపోయాడు, దొర తగ్గించక తప్పలేదు. ఆర్థికమంత్రి విలియం హార్కోర్ట్ ఎస్టేట్ డ్యూటీ అనే వారసత్వ పన్ను తెచ్చింది కూడా ఆ 1894లోనే. అప్పుడు గరిష్ఠం 8 శాతం. 1919లో 40, 1949లో 80 అయింది. అమ్మకూడదని తరతరాలుగా కట్టుబాటు ఉన్న భూములను అమ్ముకునే వీలు 1882 చట్టం అంతకుముందే ఇచ్చింది. దాంతో చాలామంది ఇల్లు నిలుపుకోవాలని ముందు పొలాలు అమ్మేశారు. కూడుపెట్టే చేను పోయాక మేడ ఎన్నాళ్లు నిలుస్తుంది?

పన్నే కారణమైతే చాట్స్‌వర్త్ అనే మహలు ఇవాళ ఉండకూడదు. దాని యజమాని డెవన్‌షైర్ పదో డ్యూక్ ఆస్తిని ముందే కొడుక్కి రాసిచ్చాడు. అప్పట్లో ఇచ్చాక ఐదేళ్లు బతికితే పన్ను ఉండేది కాదు. 1950 నవంబరులో, ఆ గడువుకు 14 వారాల ముందు చనిపోయాడు. 80 శాతం పన్ను పడింది. వారసుడు భూములు, బొమ్మలు, అరుదైన పుస్తకాలు వదులుకున్నాడు, కుటుంబానికున్న మరో మహలు హార్డ్‌విక్ హాల్‌ను ఏకంగా ప్రభుత్వానికి అప్పగించాడు. చాట్స్‌వర్త్ చుట్టూ ఉన్న భూమిని మాత్రం వదల్లేదు, అందుకే ఆ ఇల్లు నిలిచింది. పాత ఇళ్లను తీసుకుని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టుకూ ఈ సంగతి తెలుసు. ఇల్లు ఒక్కటే ఇస్తానంటే తీసుకునేది కాదు, దాన్ని పోషించే భూమో నిధో వెంట ఇమ్మనేది.

ఇక కప్పు సంగతి. చాలా మహళ్లకు కప్పు మీద సీసపు రేకు ఉంటుంది. ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంది కాబట్టి దాన్ని రెండు, రెండున్నర మీటర్లకు మించని ముక్కలుగా పరిచి, ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న మెట్టు వదలాలి. పొడుగు రేకును కదలకుండా బిగిస్తే కొన్నేళ్లకు అడ్డంగా చీలుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం పిట్టగోడ వెనక దాగిన నీటి కాలువ. రాలిన ఆకులతోనో, చచ్చిన పావురంతోనో తూము పూడితే నీరు పొంగి బయటికి పోదు, గోడలోకే దిగుతుంది. గోడలో దూలపు కొనలు ఆనిన చోటే తడుస్తుంది, కింద గదిలో ఉన్నవాళ్లకు ఏమీ కనబడదు. చెక్కలో తేమ 20 శాతం దాటితే డ్రై రాట్ అనే బూజుకు అదను దొరికినట్టే. అది గార వెనక నుంచి ఇటుకల మీదుగా పాకి అవతలి గది చెక్కనూ పట్టేస్తుంది. పుట్టగొడుగులా బయటపడేసరికి దూలం చేత్తో నలిపితే పొడి అవుతుంది. మందు కొట్టినంత మాత్రాన ఇది ఆగదు. ముందు నీటి దారి మూయాలి, కుళ్లిన చెక్కను కోసేయాలి, గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. అసలు ఏడాదికి రెండుసార్లు ఒక మనిషి నిచ్చెనెక్కి కాలువలు శుభ్రం చేస్తే ఇంత దాకా రాదు. జీతాలివ్వలేక ముందుగా మాన్పించేది ఆ మనిషినే.

మన గడీల దగ్గరా ఇదే బాధ. సున్నపు గోడ మీద సిమెంటు పూసి బాగుచేశామంటున్నారు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. పైన గోడ నున్నగా కనిపిస్తుంటే లోపల కర్ర కుళ్లిపోతుంది.

కప్పు పోతే ఏమవుతుందో చూడాలంటే డార్బీషైర్‌లో సటన్ స్కార్స్‌డేల్ హాల్ ఉంది. 1724లో వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ స్మిత్ పనితనంతో కొత్తగా లేచిన ఇల్లు, లోపల ఇటలీ కళాకారులు తీర్చిన గచ్చు పని. 1919లో ఆర్క్‌రైట్ కుటుంబం అమ్మేస్తే స్థానిక వ్యాపారులు కొన్నారు, కాపురానికి కాదు, విప్పి అమ్ముకోవడానికి. కప్పు దించేశారు, గదులను పలకలు పలకలుగా ఊడదీశారు. మూడు గదుల చెక్కపని ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. గోడలకు అంటుకున్న గచ్చు పూలను మాత్రం ఎవరూ పట్టుకుపోలేకపోయారు. వందేళ్లుగా అవి వానలో కరుగుతున్నాయి. 1946లో రాయి కోసం గోడలనూ కూల్చబోతుంటే రచయిత ఆస్బర్ట్ సిట్‌వెల్ కొని ఆపాడు.

రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం, ఆసుపత్రులు, బడులు ఈ ఇళ్లలో దిగాయి. యుద్ధమయ్యాక చిరిగిన కప్పులతో ఇళ్లు వెనక్కి ఇచ్చారు. బాగుచేయిద్దామంటే 1954 దాకా కట్టడపు పనులకు లైసెన్సుల కాలం. ఆ మరుసటి ఏడాది 1955లోనే కూల్చివేతలు తారస్థాయికి చేరాయి, దాదాపు ఐదు రోజులకొక ఇల్లు. 1947 చట్టం ఇలాంటి ఇళ్లను కాపాడాల్సిన కట్టడాల జాబితాలోకి ఎక్కించింది గానీ, యజమాని రెండు నెలల ముందు నోటీసు ఇస్తే సరిపోయేది, అధికారులు అడ్డుపడకపోతే కూల్చుకోవచ్చు. ముందు అనుమతి తీసుకోవాలన్న నియమం 1968లో గానీ రాలేదు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పోయిన ఇళ్ల ఫొటోలతో ప్రదర్శన పెట్టింది. అప్పటికే లెక్క వెయ్యి దాటింది.

తెలుగువాళ్లకు సంబంధించిన ఇల్లు కూడా ఒకటుంది. మద్రాసు గవర్నరుగా ఉండి ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించి లంచాలు పట్టాడన్న ఆరోపణలు మోసిన థామస్ రంబోల్డ్ హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ కట్టించుకున్నాడు. కంపెనీ అతన్ని తీసేసింది, అతన్ని శిక్షించాలని పార్లమెంటులో పెట్టిన బిల్లు 1783లో వీగిపోయింది. ఆ ఇల్లు చెక్కుచెదరలేదు, ఇప్పుడు అందులో బడి నడుస్తోంది. రోజూ మనుషులు తిరిగే ఇంట్లో చుక్క కారితే ఆ రోజే తెలుస్తుంది.

యార్క్‌షైర్‌లో వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ ముఖభాగమే 606 అడుగులు. 1946లో బొగ్గు కోసం ప్రభుత్వం దాని గుమ్మం దాకా తోటను తవ్వించింది. ఆ తర్వాత అది కాలేజీ అయింది, చేతులు మారింది, దశాబ్దాల పాటు కప్పు కారింది. 2017లో ఒక ట్రస్టు 70 లక్షల పౌండ్లకు కొన్నది. బొమ్మలు, కుర్చీలు, తోట అన్నీ పక్కనపెట్టి మొదట పరంజా కట్టింది కప్పు పనికే.